క్యాబేజీని తాడుకి ఎందుకు వేలాడదీశాడు?

గుంటూరు కుంచె:
స్పెయిన్ చిత్రకారుడు హువాన్ సాంచెజ్ కోటాన్ సుమారు 1602లో వేసిన స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) మీద రెండు పేజీలు రాయాలి. కిటికీ లాంటి చట్రం, వెనక చిమ్మచీకటి. క్విన్స్ (యాపిల్ లాంటి ఓ పండు), క్యాబేజీ తాళ్లకు వేలాడుతుంటాయి. గట్టు మీద కోసిన ఖర్బూజా, దాని ముక్క, కీర దోసకాయ. ఆయన తర్వాత మఠంలో చేరాడట, అక్కడివాళ్లు మాంసం ముట్టరట. బొమ్మకి అర్థం అదేనా?

కృష్ణలంక:
ముందు తాడు సంగతి చూడండి. అది మన ఉట్టి లాంటిదే. గాలి తగిలేలా వేలాడదీస్తే కాయ త్వరగా కుళ్లదు. కాబట్టి వేలాడదీయడంలో వింత లేదు, వరసలో ఉంది. ప్రింట్ మీద ట్రేసింగ్ పేపర్ వేసి ఐదింటి మధ్య బిందువులూ కలపండి. ఎడమ పైనుంచి కుడి కిందికి ఒకే వంపు దిగుతుంది. వంటింట్లో ఏ కూరగాయలూ అలా కుదురుకోవు. ఇక వెలుగు ఎడమ నుంచి వస్తుంది. ముక్క, దోసకాయ గట్టు అంచు దాటి మనవైపు పొడుచుకొచ్చాయి. వాటి నీడల్ని పట్టి చూస్తే ఎంత ముందుకొచ్చాయో తెలుస్తుంది. పేజీన్నర దీనికే ఇవ్వండి.

పాత ప్రింట్లు:
మఠం కథ జాగ్రత్తండీ. ఆయన టొలెడో నగరం వదిలి కార్తూసియన్లలో (మాంసం ముట్టని ఆ క్రైస్తవ సన్యాసుల్లో) చేరడానికి వెళ్లింది 1603లో, అంటే ఈ బొమ్మ తర్వాత. పైగా షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఆయన ఇంకో బొమ్మలో ఇవే కూరగాయల పక్కన వేటాడిన పక్షులు వేలాడుతుంటాయి. శాకాహార వ్రతం అనే వాదం అక్కడే వీగిపోతుంది. ‘క్విన్స్ అంటే ఫలానా’ అని గుర్తుల పట్టిక చూసి రాయడం ఇంకా అన్యాయం.

గుంటూరు కుంచె:
నిజం కాయలతో అలాగే అమర్చి చూస్తే ఇంకా తెలుస్తుందేమో. ఎలా పెట్టాలండీ?

కృష్ణలంక:
అసలు బొమ్మ సుమారు 69×84.5 సెం.మీ. అంత మూతి ఉన్న అట్టపెట్టె తీసుకుని లోపల నల్లగుడ్డ కట్టండి. మెరిసే గుడ్డైతే చీకటి రాదు, నూలుదే వాడండి. ఒకే బల్బు, ఎడమ పక్కన, కాస్త ముందుకి. ట్యూబ్‌లైట్ ఆర్పేయాలి, లేకపోతే రెండు నీడలొస్తాయి. క్విన్స్ మన రైతు బజార్లో దొరకదు, పండిన పెద్ద జామకాయ సరిపోతుంది. క్యాబేజీని కాడ దగ్గర ఒక్క దారంతో కడితే తిరుగుతూనే ఉంటుంది. వెనకనుంచి ఇంకో దారం లాగి పిన్ను గుచ్చండి, ఫ్యాన్ ఆపండి. ఖర్బూజా అన్నీ కుదిరాకే కోయండి. బెజవాడ ఎండలకి ముక్క అంచులు ఇట్టే ముడుచుకుంటాయి, ఈగలు సరేసరి.