గుసగుసగా చదివే కవిత డోలక్ కింద మునిగిపోతోంది, ఏ మైక్ వాడాలి?

ఊరూరా తిరిగి వాయించే జానపద బ్యాండ్ మాది, పాటల మధ్యలో ఒకరు కవిత చదువుతారు. గొంతు పెంచి చదివితే ఇబ్బంది లేదు, మెల్లగా చదివే చోటే డోలక్, వయొలిన్ మాటల్ని మింగేస్తున్నాయి, గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే అమరిక) పెంచితే వెంటనే కూత (ఫీడ్‌బ్యాక్) మొదలు. మాది చేత్తో పట్టుకునే కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే) డైనమిక్ మైక్, మానిటర్ (స్టేజి మీద మాకు వినిపించే స్పీకర్) సరిగ్గా దాని వెనకవైపే పెట్టాం. 100 హెర్ట్జ్ కింద కోసేశాం, కూత వచ్చే 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గించాం, 4:1లో కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) పెడితే గొంతుతో పాటు డోలక్ కూడా పైకొచ్చేసింది (అసలు చిరాకు ఇదే). మైక్ పెదాలకు ఆనిస్తే ప, బ అక్షరాలు పేలుతున్నాయి. వాయిద్యాలు ఆపేయమని మాత్రం అనకండి, కవిత కింద తాళం నడవాల్సిందే. చిన్న హాళ్లలో ఇలా మెల్లగా కవిత చదవడానికి సూపర్‌కార్డియాయిడ్ (ముందువైపు ఇంకా ఇరుకుగా పట్టే) మైక్ మేలా, హెడ్‌సెట్ మైక్ మేలా?