ఎమ్మారై తీశాక మెడకు సీటీ కూడానా?

కనిగిరి కొడుకు:
అమ్మకు ఆరు నెలలుగా చేతుల్లో తిమ్మిర్లు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు, నడిస్తే తూలుతుంది. గుంటూరు కొత్తపేటలో ఎమ్మారై తీయించాం. మెడలో వెన్నుపాముకు ముందుండే లిగమెంటు (పూసలను కలిపి ఉంచే పట్టీ) ఎముకగా మారి నొక్కుతున్నట్టుంది, ఆపరేషన్ కావాలన్నారు. ఇప్పుడు సీటీ కూడా అంటున్నారు. అంత ఖరీదైన ఎమ్మారైలో కనబడనిది ఇందులో ఏముంటుంది?

నడుంనొప్పి నారాయణ:
కమీషన్ ఉంటుంది! నాకు మూడు స్కాన్లు తీయించి చివరికి మాత్రలిచ్చి పంపారు. పైగా సీటీలో రేడియేషన్. పక్కనుంచి మామూలు ఎక్స్‌రే చాలు.

స్కానింగ్ గది:
విజయవాడలో టెక్నీషియన్‌ని. నారాయణగారి కోపం న్యాయమే, కానీ ఇది నడుంనొప్పి కాదు. ఎమ్మారైలో ఆ ఎముకా నలుపే, మామూలు లిగమెంటూ నలుపే, హద్దు తేలదు. వెన్నుపాము దెబ్బతిన్నదా అన్నది మాత్రం ఎమ్మారైయే చెప్పాలి. సీటీలో ఎముక తెల్లగా తేలుతుంది. ఎన్ని పూసల వెంట పాకింది, వెన్నుపాము ఉండే కాలువను ఎంత ఆక్రమించింది కొలవచ్చు. నల్లని గీతకు అటూ ఇటూ రెండు తెల్లని గీతలు కనబడితే వెన్నుపాము పైపొర కూడా ఎముకైందేమోనని అనుమానిస్తారు. అప్పుడు ముందునుంచి కోస్తే పొర చిరిగి వెన్నుపాము చుట్టూ ఉండే నీరు కారే ప్రమాదం ఎక్కువ. అది ముందే తెలియాలి కదా?

నడుంనొప్పి నారాయణ:
ఎక్స్‌రే మాట దాటేశారు. 2008లో జపాన్ వైద్యులు చెప్పిన కె-లైన్ గీసింది ఎక్స్‌రే మీదే.

స్కానింగ్ గది:
ఒప్పుకున్నాను. మెడలో రెండో పూస దగ్గర, ఏడో పూస దగ్గర కాలువ నడిమి బిందువులను కలిపే గీత అది. ఎముక ఆ గీత దాటి వెనక్కి వస్తే, వెనుకనుంచి కాలువను వెడల్పు చేసినా ఫలితం అంతంత మాత్రం. అయితే భుజాల నీడలో ఏడో పూస మునిగిపోయిన ఎక్స్‌రేలు రోజూ చూస్తాను. సీటీలోనూ చిక్కుంది: పడుకోబెట్టి తీస్తాం, మెడ వంపు మారుతుంది. కాబట్టి రెండూ కావాలి.

నడుంనొప్పి నారాయణ:
సీటీ వద్దంటే ఎక్స్‌రే కూడా కలిపారా! సరే, ఆపరేషన్ ఖాయమైనవాళ్లకైతే ఒప్పుకుంటాను. మెడ పట్టేసిన ప్రతివాడికీ రాస్తే మాత్రం ఒప్పుకోను.

స్కానింగ్ గది:
అందులో నాకూ పేచీ లేదు. కనిగిరివారూ, మీది బోరునీళ్లా? ఫ్లోరైడ్ ఎక్కువైనా లిగమెంట్లు ఎముకవుతాయి. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు నమోదు చేశారు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడిమి పొర కూడా ఎముకైందేమో చూస్తే ఆచూకీ దొరకవచ్చు.

కనిగిరి కొడుకు:
ముప్పై ఏళ్లు బోరునీళ్లే తాగాం. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పనేలేదు. రేపు సీటీకి వెళ్లేముందు చెబుతాను.