పాత మారుతి 800 డోర్ స్విచ్: శుభ్రం చేస్తే చాలా, మార్చాల్సిందేనా?

ఉప్పుగాలి_కాకినాడ
నాన్నగారి 800, 2006 మోడల్. డ్రైవరు డోరు మూసినా లోపలి లైటు ఆరడం లేదు. డోరు మూసినప్పుడు నొక్కుకునే స్విచ్ పిన్నును వేలితో లోపలికి నొక్కితే ఆరుతోంది. అలా నొక్కి ఉంచి ఎడమ డోరు తీస్తే మాత్రం అసలు వెలగడం లేదు. ఎలక్ట్రీషియన్ రెండు స్విచ్‌లూ మార్చేద్దామంటున్నాడు. ఇంట్లోవాళ్లేమో లైటు ఆఫ్‌లో పెట్టేస్తే పోలా అంటున్నారు. ఏం చేయమంటారు?

పదో_నంబరు_పానా
మార్చొద్దండీ. బయట దొరికే డూప్లికేట్లలో స్ప్రింగు మెత్తగా ఉంటుంది, రబ్బరు తొందరగా పగులుతుంది. కంపెనీతో వచ్చినదాన్ని విప్పి, స్ప్రే కొట్టి, ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగించండి. బల్బు బదులు ఎల్ఈడీ వేస్తే బ్యాటరీ టెన్షన్ కూడా ఉండదు.

బెజవాడ_వైరింగ్
రెండు డోర్లకీ ఒకటే వైద్యం కుదరదండీ. మీరు చెప్పిన జబ్బులు రెండూ వేరు.

ఈ లైటుకి బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. డోరు తీయగానే స్ప్రింగు పిన్నును బయటికి తోస్తుంది, స్విచ్‌కి వచ్చిన వైరు బాడీకి ఎర్త్ అవుతుంది, అంటే బ్యాటరీ మైనస్‌కి కలుస్తుంది, లైటు వెలుగుతుంది. ఆ ఎర్త్ దొరికేది స్విచ్‌ని బిగించే స్క్రూ దగ్గరే. అక్కడ తుప్పుంటే కొత్తది వేసినా వెలగదు. సముద్రం పక్క ఊళ్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

కాబట్టి డ్రైవరు వైపు స్విచ్ విప్పి, వైరు కొసకు టేపు చుట్టి పక్కన పెట్టండి. లైటు మీటను డోర్ పొజిషన్‌లో ఉంచి, ఎడమవైపు వైరు కొసను పెయింటు లేని ఇనుముకు ఆనించండి. వెలిగితే వైరూ బల్బూ బాగున్నట్టే. స్క్రూ రంధ్రం చుట్టూ మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, పాత స్విచ్‌నే బిగించి చూడండి. వెలిగితే పైన కాస్త వ్యాజలిన్ రాసి వదిలేయండి, డబ్బు పెట్టక్కర్లేదు.

డ్రైవరు వైపుది అలా కాదు. నొక్కితే ఆరుతోందంటే స్విచ్ లోపల షార్ట్ లేదు, డోరు దాన్ని చాలినంత నెట్టడం లేదంతే. రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టండి. ఎక్కువసార్లు తీసి మూసే డోరు కాబట్టి దాని పిన్ను కొస ఒకవైపు ఏటవాలుగా అరిగి, పొట్టిగా కనిపిస్తుంది. అరిగిన ప్లాస్టిక్‌ని ఏ స్ప్రే పెంచదు. అది మార్చాల్సిందే. పిన్ను పొడవు సరిగ్గానే ఉంటే డోరును పైకెత్తి చూడండి. ఊగితే హింజ్‌లు వదులయ్యాయి, ముందు ఆ పని చూసుకోవాలి.

ఎల్ఈడీతో నాకు పేచీ ఉంది. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే రోజుకి 10 ఆంపియర్-అవర్లు. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ కొత్తదైతే తట్టుకుంటుంది, ముసలిదైతే రెండో రోజుకే సెల్ఫ్ తిరగదు. ఎల్ఈడీ ఆ ఖర్చు తగ్గిస్తుంది, నిజమే. కానీ తడిసిన స్విచ్‌లో లీకయ్యే కాస్త కరెంటుకే అది మినుకుమినుకుమంటూ ఉంటుంది. పైగా తర్వాత బిగించిన సెంట్రల్ లాకింగో అలారమో ఈ వైరుకే కలిపి ఉంటే, డోరు ఇంకా తెరిచే ఉందనుకుంటుంది.

పదో_నంబరు_పానా
పిన్ను తగిలే చోట డోరుకి రబ్బరు ముక్క అతికిస్తే పొడవు కలిసొస్తుంది కదా? మంచి స్విచ్ దొరికేదాకా ఒరిజినల్‌ని పారేయడం ఎందుకు?

బెజవాడ_వైరింగ్
దొరికేదాకా అంటే సరే. శాశ్వతంగా మాత్రం వద్దు, మన ఎండలకి జిగురు కరిగి ముక్క ఊడిపోతుంది. ఊడింది మీకు తెలిసేది బ్యాటరీ దిగాకే. 800 తయారీ 2014 జనవరిలో ఆగింది కానీ, ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో విప్పిన బళ్ల స్విచ్‌లు చూడొచ్చు. పిన్ను నిటారుగా ఉండి, రబ్బరు చిరగనిది ఏరుకోండి. డూప్లికేట్ కన్నా అదే మేలు.

రాత్రి_ప్రయాణం
ఆఫ్‌లో పెట్టడం ఎవరూ ఒప్పుకోకండి. రాత్రి రోడ్డు పక్కన ఆపినప్పుడు మా అమ్మ ఆ లైటు చూసుకునే కాలు కింద పెడుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అది పోతే చాలా ఇబ్బంది.

ఉప్పుగాలి_కాకినాడ
అయితే ఎడమది గీకి చూస్తాను, కుడిదానికి ఆటోనగర్ సరుకు తెప్పిస్తాను. విప్పేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

బెజవాడ_వైరింగ్
వైరు ఊడదీసే ముందే దానికి గట్టి దారం కట్టి, రెండో కొస బయట టేపుతో అంటించండి. పిల్లర్, అంటే స్విచ్ బిగించిన డోరు పక్క స్తంభం, లోపలికి జారిందంటే లైనింగ్ అంతా విప్పాలి.