తిరిగి వెళ్లే ముందు గరాజ్ సేల్: ఇల్లు ఖాళీ కావాలంటే ఎలా పెట్టాలి?

గోదారమ్మాయి:
అందరికీ నమస్కారం. అమెరికాలో డాలస్ దగ్గర పదకొండేళ్లు కాపురం చేసి, జూన్ మొదటి వారంలో హైదరాబాదుకు తిరిగి వెళ్తున్నాము. ఇక్కడి మిక్సీ, మైక్రోవేవ్ వంటివి 120 వోల్టుల కరెంటుకు చేసినవి కనుక అక్కడి 230 వోల్టులకు పనికిరావు. అందుచేత పుస్తకాలు, వీణ, కొంత ఇత్తడి సామాను మాత్రమే ఓడలో పంపిస్తున్నాము. మిగిలిన సోఫాలు, సైకిళ్లు, గడ్డి కోసే యంత్రం, పిల్లల తొట్టి, పిల్లల కారు సీటు, లెక్కలేనన్ని బొమ్మలను ఏప్రిల్ చివరి శనివారం ఇంటి ముందు వాడిన సామాను అమ్ముకునే గరాజ్ సేల్‌లో పెట్టాలనుకుంటున్నాము. నాలుగేళ్ల క్రితం ఒకసారి పెట్టి, రోజంతా ఎండలో కూర్చుని, నలభై డాలర్లతో లోపలికి వచ్చాము. ఈసారి ఏం చేస్తే బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకాపు:
గోదారమ్మాయి గారూ, ముందు అనుమతి సంగతి చూసుకోండి. డాలస్ నగర పరిధిలో గరాజ్ సేల్‌కు పర్మిట్ తీసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి నియమాలు వారివి, వాటికి తోడు మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ వారి షరతులు వేరే ఉంటాయి. కరెంటు స్తంభాలకు బోర్డులు కట్టడం చాలా ఊళ్లలో నిషిద్ధం కాబట్టి తెలిసినవారి వాకిలి అంచున నాటుకోండి. బోర్డు మీద బాణం గుర్తు, తేదీ, వీధి పేరు ఉంటే చాలు. కారులో వెళ్లేవాడు అంతకన్నా చదవడు.

ఉదయం ఏడు గంటలకు మొదలని ప్రకటిస్తే ఆరున్నరకే టార్చిలైటు పట్టుకుని వచ్చేవారుంటారు. వీరిలో చాలామంది కొని మళ్లీ అమ్ముకునేవారే. నా మాటగా ఒకటి వినండి: బోణీ బేరం పోగొట్టుకోవద్దు. ఎవరో ఒకరు చేతిలో వస్తువు పట్టుకుని నిలబడి ఉంటేనే రోడ్డు మీద వెళ్లే రెండో కారు ఆగుతుంది. చిల్లర కోసం ఒక డాలరు నోట్లు నలభై, క్వార్టర్ల (పావు డాలరు నాణేల) రోల్స్ రెండు బ్యాంకులో ముందు రోజే తెచ్చుకోండి. ఒక్కో రోల్‌లో పది డాలర్ల విలువైన నలభై నాణేలుంటాయి. ఆ డబ్బు పెట్టెలో కాక నడుముకు కట్టుకునే సంచిలో ఉంచుకోండి.

ధర కొన్నదానిలో పదో వంతు దగ్గర మొదలుపెట్టి, ప్రతి వస్తువు మీదా రాసి అంటించండి. అడిగితే తప్ప ధర తెలియని చోట సగం మంది అడగకుండానే వెళ్లిపోతారు. వాడిన సామానును కొన్న ధర కన్నా తక్కువకు అమ్ముకుంటే ఆదాయపు పన్ను ఉండదు గనుక ఆ దిగులు పెట్టుకోకండి.

కూకట్‌పల్లి కోడలు:
పై సలహాలన్నీ మంచివే కానీ, సోఫా, డైనింగ్ టేబుల్ వంటివి ఆ రోజు దాకా ఉంచుకోవద్దని నా అభిప్రాయం. గరాజ్ సేల్‌కు వచ్చేవారు జేబులో ఇరవై డాలర్లతో వస్తారు. పెద్ద సామానును నెల ముందే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టండి. ఇక్కడి కరెంటుకు పనిచేసే వెట్ గ్రైండర్, ఇడ్లీ పాత్రల వంటివి మన తెలుగువారి వాట్సాప్ గ్రూపులో గంటలో పోతాయి. వాటిని ఎండలో పెడితే ఏమిటో తెలియక తిప్పి తిప్పి చూసి వెళ్తారు. గడ్డి కోసే యంత్రాన్ని మాత్రం ఉంచి, రోడ్డుకు దగ్గరగా నిలబెట్టండి, పనిముట్లు కనిపిస్తే మగవారు కారు ఆపుతారు. కరెంటు వస్తువులు పనిచేస్తున్నాయని చూపడానికి ఒక ఎక్స్‌టెన్షన్ తీగ కూడా బయట ఉంచండి.

ఇంకొక సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మేము వెళ్లిపోయేటప్పుడు పాత ప్రెషర్ కుక్కర్‌ను మూడు డాలర్లకు అమ్మాను. దొంగల భయంతో మా అత్తగారు ఇచ్చిన వెండి కుంకుమభరిణను గుడ్డలో చుట్టి అందులోనే దాచిన సంగతి, కొన్నావిడ కారు మలుపు తిరిగాక గుర్తొచ్చింది. ఆవిడ మంచిది, మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చి ఇచ్చి వెళ్లింది. మన ఇళ్లలో బియ్యం డబ్బాలు, పట్టుచీరల మడతలు, పూజ పుస్తకాలు, పాత హ్యాండ్‌బ్యాగులు అన్నీ బీరువాలే కదా. ఒక్కొక్కటీ తెరిచి చూశాకే బల్ల మీదికి తీసుకురండి.

ఇద్దరు పిల్లల నాన్న:
పిల్లల సామాను విషయంలో జాగ్రత్త పడండి. భద్రతా లోపం వల్ల రీకాల్ చేసిన, అంటే తయారీదారు వెనక్కి పిలిచిన వస్తువును అమ్మడం ఇక్కడ చట్టవిరుద్ధం, అది ఇంటి ముందు అమ్మేవారికీ వర్తిస్తుంది. వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్సీ వెబ్‌సైటులో మోడల్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఒక పక్క కడ్డీలు కిందికి జారే తొట్లలో పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయినందువల్ల 2011 జూన్ 28 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. కారు సీటుకు కూడా గడువు ఉంటుంది, దాని అడుగున ప్లాస్టిక్ మీద అచ్చువేసిన తేదీ చూడండి. కారు ప్రమాదానికి గురైనప్పుడు అందులో ఉన్న సీటైతే ఉచితంగా కూడా ఇవ్వవద్దు.

గోదారమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే వెళ్లి చూశాను. మా తొట్టి స్నేహితులు వాడి ఇచ్చినది, ఒక పక్క కడ్డీలు నిజంగానే కిందికి జారుతున్నాయి. కారు సీటు గడువు కిందటి ఏడాదే తీరిపోయింది. చెత్తలోంచి ఎవరూ తీసుకుని వాడకుండా ఈ ఆదివారం తొట్టి మరలు విప్పి పలకలు విడగొడతాము, సీటు పట్టీలు కత్తిరిస్తాము. సోఫా ఫొటోలు తీయడం మా వారికి అప్పగించాను, ప్రెషర్ కుక్కర్లు మాత్రం నేనే చూస్తాను.