9 ఎంఎం కార్బైన్ కుదరకపోతే దొడ్లో గురికి ఏ రైఫిల్ కొనాలి?

గోస్తనీ గట్టు:

పెద్దలకి నమస్కారం అండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. టెక్సాస్‌లో ఉన్న మా బావ రూగర్ పీసీ కార్బైన్ వీడియోలు పంపుతుంటాడు. పిస్టల్‌లో వేసే 9 ఎంఎం తూటాలే వేసి, భుజానికి ఆనించి కాగితం మీద కొట్టడం. అదురు తక్కువ, ధర కూడా అందుబాటులోనే ఉందంటున్నాడు. అలాంటిది ఇక్కడ తక్కువలో దొరుకుతుందా? దొరక్కపోతే దానికి దగ్గరగా ఏది తీసుకోవచ్చు?

బడ్జెట్ అన్నీ కలిపి 20 వేలు. దొడ్లో కొబ్బరి చెట్ల వరసల మధ్య 14 మీటర్ల ఖాళీ ఉంది, ఆ చివర రొయ్యల చెరువు గట్టు. నేనూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ ఆదివారం పూట కాగితం మీద గురి చూసుకోవడానికే, ఇంకో పని లేదు. దుకాణంలో "వెయ్యి అడుగుల స్పీడు" అని ఒకటి చూపిస్తున్నారు. స్పీడు ఎక్కువున్నదే తీసుకోవాలా? స్కోపు పెట్టించాలా?

కోటిపల్లి రేవు:

కార్బైన్ సంగతి ముందు తేల్చేద్దామండీ. అది రాదు. సైన్యం వాడే 9 ఎంఎం తూటా పట్టే పిస్టల్ అయినా, రివాల్వర్ అయినా, కార్బైన్ అయినా మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ బోరు (బోరంటే బారెల్ లోపలి వెడల్పు) కిందకి వస్తుంది. పైగా అది దానంతటదే తూటా ఎక్కించుకునే రకం, అది రెండో అడ్డు. కలెక్టరాఫీసులో లైసెన్స్ ఇచ్చేది నిషిద్ధం కాని బోర్లకే. దీనికి కేంద్ర హోం శాఖ దాకా పోవాలి, "ఆదివారం సరదాకి" అంటే అక్కడ ఎవరూ వినరు.

మీ బావగారి దగ్గర అది చవగ్గా ఉండడానికి కారణం దాని లోపలి ఏర్పాటు. అలాంటి కార్బైన్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ పద్ధతివి. తూటా వెనక మూసే బోల్టుకి గడియ పడదు. బోల్టు బరువూ దాని వెనక స్ప్రింగూ కలిసి ఒత్తిడి తగ్గేదాకా దాన్ని నిలబెడతాయి. అందుకే తయారీ తేలిక. తూటా ఖర్చు రైఫిల్ తూటా కంటే తక్కువ, మ్యాగజీన్ పిస్టల్‌దే సరిపోతుంది. రూగర్ దానికి గ్లాక్ మ్యాగజీన్లు కూడా పడతాయి. ఈ లాభాలన్నీ అక్కడివి.

చేత్తో బోల్టు లాగే 0.22 అంగుళాల చిన్న తూటా (రిమ్‌ఫైర్) రైఫిల్‌కి లైసెన్స్ అడగొచ్చు. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, లైసెన్స్ గడువు అయిదేళ్లు. కానీ ఆ తూటా కిలోమీటరు దాటి పోతుంది. దొడ్లో కాల్చే వస్తువు కాదు, రేంజికే పట్టుకెళ్లాలి.

ఇక మిగిలింది 0.177, అంటే 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటకుండా, బారెల్ మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ మించకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు తీసుకుని దుకాణదారు పుస్తకంలో రాసుకుంటాడు. బిల్లు మీ పేరునే రాయించి జాగ్రత్త చేయండి. అబ్బాయి కాల్చేటప్పుడు మీరు పక్కన నిలబడి ఉండాలి. 0.22 ఎయిర్ రైఫిల్‌కి మాత్రం బోరు పెద్దది కాబట్టి లైసెన్స్ కావాలి. "అదీ గాలి తుపాకే కదండీ" అని అంటగట్టబోతారు, తీసుకోకండి.

చెరువు అన్నారు కాబట్టి ఇంకో మాట. రొయ్యలు ఎత్తుకుపోతున్నాయని నీటికాకుల మీద, కొంగల మీద ఎయిర్ గన్ వాడే అలవాటు మన ఆక్వా ఊళ్లలో ఉంది. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చెరువు కాపలా కుర్రాళ్ల చేతికి మీ గన్ను వెళ్లకుండా తాళం వేసుకోండి.

యనమదుర్రు:

స్పీడు గురించి నేను చెబుతాను. వెయ్యి అడుగులంటే సెకనుకి 305 మీటర్లు. ఆ అంకె కోసం 0.45 గ్రాముల తేలిక పెల్లెట్ (ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుండు) వేసి కొలుస్తారు. లెక్క కట్టండి, దాదాపు 21 జౌల్స్. పెట్టె మీద రాసింది నిజమైతే గీత దాటినట్టు, దాటలేదంటే పెట్టె మీద రాసింది అబద్ధం. కాగితం మీద వేసే 0.53 గ్రాముల పెల్లెట్‌కి 20 జౌల్స్ అంటే 275 మీటర్లు. ఒలింపిక్స్ 10 మీటర్ల రైఫిల్ వేగం 170-175 మీటర్లే, ఎనిమిది జౌల్స్ దగ్గర ఉంటుంది. దాంతోనే అర మిల్లీమీటరు చుక్కని కొడుతున్నారు. కాబట్టి మీ 14 మీటర్ల ఖాళీలో పట్టే 10 మీటర్ల గురికి స్పీడుతో పని లేదు.

స్పీడు ఎక్కువున్న స్ప్రింగు రైఫిల్ వల్ల నష్టం కూడా ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే గాలిని నొక్కే బరువైన పిస్టన్ స్ప్రింగు తోపుకి ముందుకి దూకుతుంది, గన్ను వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగేసరికి గన్ను మళ్లీ ముందుకి లాగుతుంది. ఈ రెండు కుదుపులూ పెల్లెట్ ఇంకా బారెల్‌లో ఉండగానే అవుతాయి. స్ప్రింగు ఎంత బలమైనదైతే కుదుపు అంత పెద్దది, పట్టులో చిన్న తేడా కూడా కాగితం మీద అంత పెద్దగా కనబడుతుంది. ఇక ఎక్కుపెట్టడం ఉంది. ప్రతి దెబ్బకీ బారెల్‌ని మడత దగ్గర విరిచి కిందకి లాగాలి. గట్టి స్ప్రింగుతో ముప్పై దెబ్బలు కొట్టేసరికి మోచేయి వణుకుతుంది, ఆ తరవాత కొట్టేవన్నీ పెల్లెట్ దండగ. ఇంటర్ కుర్రాడికైతే ఇంకా ముందే.

మీ డబ్బుకి బారెల్ విరిచే రకమే కొనండి, పది నుంచి పద్నాలుగు జౌల్స్ మధ్యది. ప్రెసిహోల్ వాళ్లవి దొరుకుతాయి, ఐహెచ్‌పీ 35 లాంటి పాత తరహావీ ఉన్నాయి. స్ప్రింగు బదులు గ్యాస్ గొట్టం ఉన్నవి కుదుపు కొంచెం పొడిగా, త్వరగా అయిపోతుంది, ఎక్కుపెట్టి కాసేపు ఉంచినా బలం తగ్గదు. కానీ గ్యాస్ పోతే గొట్టం మొత్తం మార్చాలి. స్ప్రింగయితే విరిగినా కొత్తది వేయించుకోవచ్చు. నా ఓటు స్ప్రింగుకే. రైఫిల్‌కి పద్నాలుగు వేలు దాటించకండి, మిగతాది పెల్లెట్లకి, కళ్లద్దాలకి, పెల్లెట్లు ఆపే పెట్టెకి కావాలి.

దుకాణంలో చూడాల్సినవి: బారెల్ మూసి, మూతి పట్టుకుని పక్కలకి కదపండి. మడత దగ్గర కొంచెం ఆడినా వద్దు, ఆ ఆట ఏ సైటూ సరిచేయలేదు. మడత అతుకు మీద సన్నటి టిష్యూ పేపరు ముక్క పెట్టి, పెల్లెట్ వేసి ఒక దెబ్బ కొట్టించండి. కాగితం ఎగిరితే సీలు దగ్గర గాలి పోతున్నట్టు. పెల్లెట్ లేకుండా మాత్రం ఎవరినీ నొక్కనివ్వకండి. గాలి దిండు లేక పిస్టన్ నేరుగా సిలిండరు గోడకి గుద్దుకుంటుంది, సీలు చితుకుతుంది. ట్రిగ్గర్ బరువుగా ఉన్నా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకే చోట విడవాలి. భుజానికి ఆనించినప్పుడు తల ముందుకి సాచకుండా వెనక సైటు కనబడాలి, అబ్బాయిని వెంట తీసుకెళ్లి చూడండి.

స్కోపు ఇప్పుడే వద్దు. మామూలు స్కోపు వెనక్కి తన్నే తుపాకులకి చేసింది, ఈ ముందుకి లాగే కుదుపుకి లోపలి గీతలు ఊడిపోతాయి, మౌంటు జారిపోతుంది. పైగా చాలావాటిని దూరానికి సర్ది పంపుతారు. 10 మీటర్లలో కన్ను కాస్త పక్కకి జరిగితే గీత కూడా జరుగుతుంది. ఎయిర్ రైఫిల్‌కని చేసిన, 10 గజాలంత దగ్గరికి కూడా దూరం సర్దుకోగలిగే స్కోపు కావాలి, అది మీ బడ్జెట్లో పట్టదు. ఇనుప సైట్లతో మొదలుపెట్టండి. దెబ్బ ఎటు పోవాలో వెనక సైటుని అటే జరపాలి. రెండు సైట్ల మధ్య దూరం 45 సెం.మీ. ఉంటే, 0.1 మి.మీ. జరిపితే 10 మీటర్ల దగ్గర రెండు మి.మీ. పైన జరుగుతుంది. అందుకని మరని కొంచెం కొంచెం తిప్పి, అయిదేసి దెబ్బలు చూసుకోండి. ఒక్క దెబ్బ చూసి తిప్పేయడమే అందరూ చేసే పొరపాటు.

లంక గాలి:

యనమదుర్రు గారి లెక్క సరిగ్గా ఉంది గానీ స్ప్రింగు గన్నుతో పట్టు నేర్చుకునే లోపే చాలామందికి విసుగొచ్చి అటకెక్కిస్తారు. ఇంకో ఆర్నెల్లు ఆగి డబ్బు కూడబెట్టి పీసీపీ తీసుకోవడం నయమని నా అభిప్రాయం. ప్రెసిహోల్ పీఎక్స్100 అకిలీజ్ లాంటిది. సిలిండర్లో ముందే గాలి నింపి ఉంటుంది, కుదుపు దాదాపు ఉండదు, ఎక్కుపెట్టడం వేలితో అయిపోతుంది. కార్బైన్ మీద మోజుపడ్డ మనిషికి చేతిలో అలా అనిపించేది ఇదే.

అయితే మన డెల్టాలో దీనికి ఒక చిక్కుంది, తేమ. 30 డిగ్రీల ఎండలో, గాలి బాగా చెమ్మగా ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలిలో పాతిక గ్రాముల నీరు ఉంటుంది. 200 సీసీ సిలిండర్ని 100 బార్ ఒత్తిడి నుంచి 200 బార్‌కి పంపు కొడితే అందులోకి 20 లీటర్ల గాలి పోతుంది, దాంతో పాటు అర గ్రాము నీరు. ఒకసారి కాదు, నింపిన ప్రతిసారీ. అది వాల్వు దగ్గర చేరి తుప్పు పట్టిస్తుంది. పంపుకి తేమ పీల్చే గొట్టం ఉండాలి, దానిలోని గింజలు రంగు మారగానే మార్చాలి, పంపు కొట్టేటప్పుడు మధ్యమధ్య ఆపి కింది మర విప్పి నీళ్లు వదలాలి. వర్షాకాలంలో చేయకపోతే రెండో ఏడాదికే సీళ్లు మార్చే పని పడుతుంది. మెకానిక్ కంప్రెసర్‌తో నింపాలని చూడకండి, ఆ టైర్ల కంప్రెసర్ పది పన్నెండు బార్ దగ్గరే ఆగిపోతుంది, అందులో నూనె కూడా ఉంటుంది.

గోస్తనీ గట్టు:

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. పీసీపీ ఇప్పట్లో కుదరదు, స్ప్రింగుకే వెళ్తాను. ఇక రెండే అడుగుతాను. చెరువు గట్టుకే కాగితం అంటిస్తే సరిపోదా? పెల్లెట్లు ఏవి కొనాలి, ఈ ఉప్పు గాలికి గన్ను ఎలా చూసుకోవాలి?

యనమదుర్రు:

గట్టు ఒక్కటే చాలదు. గట్టు మీదుగా పోయిన పెల్లెట్ నీళ్లకి ఏటవాలుగా తగిలితే మునగదు, జారి పైకి లేచి అవతలి గట్టు మీద ఉన్నవాళ్లకి తగులుతుంది. కొబ్బరి మాను కూడా వద్దు, ఒంపుగా ఉండి పక్కకి తిప్పి కొడుతుంది.

వెల్డింగు షాపులో 40 సెం.మీ. నలుచదరం పెట్టె చేయించండి, ముందు తెరిచి ఉండేలా. లోపల 3 మి.మీ. ఇనుప రేకు 45 డిగ్రీలు వాల్చి, పై అంచు మీ వైపుకి ఉండేలా పెట్టించాలి, అప్పుడు పెల్లెట్ తగిలి కిందకి పడుతుంది. అడుగున అయిదు సెం.మీ. పొడి ఇసుక పొయ్యండి. ముందు వైపు అట్టముక్కకి కాగితం అంటించుకోవచ్చు. రేకు వాల్చకుండా నిలువుగా పెడితే సీసం ముక్కలు సగం మీ వైపుకే వస్తాయి. పెట్టె వెనక గట్టు మనిషి ఎత్తు ఉండాలి, లేకపోతే మట్టి బస్తాలు పేర్చండి. మీరు నిలబడే గీత నుంచి కాగితానికి 10 మీటర్లు, మీ వెనక రెండు మీటర్లు వదిలితే మీ 14 మీటర్లు సరిపోతాయి. చూసేవాళ్లతో సహా అందరికీ కళ్లద్దాలు ఉండాలి. ఇసుకలో సీసం చెరువులో పారబోయకండి, డబ్బాలో పోగేసి పాత బ్యాటరీల వాళ్లకి ఇవ్వండి.

పెల్లెట్లు తల చదునుగా ఉన్నవి తీసుకోండి, కాగితాన్ని గుండ్రంగా తెంపుతాయి. ఒకేసారి అయిదు డబ్బాలు కొనకుండా మూడు రకాలు ఒక్కో డబ్బా తెచ్చి, ఒక్కోదానితో పది దెబ్బలు ఒకే కాగితం మీద చూడండి. ఏది దగ్గరదగ్గరగా పడితే అదే మీ బారెల్‌కి సరిపడ్డట్టు. తల 4.50, 4.51, 4.52 అని కొలతలుంటాయి, అంత చిన్న తేడా కూడా కాగితం మీద కనిపిస్తుంది. అంచు నొక్కుకుపోయినవి ఏరి పారేయండి. స్టీలు గుండ్లు మాత్రం వేయకండి, బారెల్ లోపలి మెలికలు అరిగిపోతాయి, రేకుకి తగిలి తిరిగొస్తాయి కూడా.

పట్టు విషయం. ముందు చేతిని బిగించకండి, అరచేతి మీద ఊరికే ఆనించండి, భుజానికీ గట్టిగా నొక్కకండి. బెంచీ మీద, ఇసుక సంచి మీద పెట్టి కొడితే స్ప్రింగు గన్ను వేరే చోట కొడుతుంది, గన్ను పాడైందని కంగారుపడకండి. మొదటి డబ్బా అయ్యేదాకా కాస్త పొగ వస్తుంది, లోపలి గ్రీజు కాలుతుంది, దెబ్బలు కూడా చెదురుతాయి. అప్పటిదాకా సైటు ముట్టుకోకండి. తరవాత ఉన్నట్టుండి దెబ్బలు చెదిరితే ముందు చూడాల్సింది కర్రకి ఉన్న మరలు. కుదుపుకి అవి వదులవుతూనే ఉంటాయి.

ఉప్పు గాలికి: ప్రతిసారీ చెయ్యి తగిలిన ఇనుము మీద మెషిన్ నూనె గుడ్డతో పలచగా తుడవండి. స్పాంజి పెట్టెలో నిలవ ఉంచొద్దు, స్పాంజి చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. గాలి తోలే కన్నంలో నూనె పోయమని ఎవరన్నా చెబితే, కొబ్బరి నూనె అయినా మెషిన్ నూనె అయినా వినకండి. పిస్టన్ నొక్కుడుకి అది డీజిల్లా పేలుతుంది, సీలూ స్ప్రింగూ ఒకేసారి పోతాయి. పెల్లెట్లు డబ్బా మూత బిగించి ఇంట్లోనే పెట్టండి, చెమ్మ తగిలితే తెల్లటి పొడి పడుతుంది, ఆ పొడిలో ఉన్నదీ సీసమే. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అబ్బాయిని టిఫిన్‌కి కూర్చోబెట్టండి.

కోటిపల్లి రేవు:

ఇంకొకటి మర్చిపోయాను. దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకునేటప్పుడు సంచిలో పెట్టి, బారెల్ ఖాళీగా, ఎక్కుపెట్టకుండా, బిల్లు కాగితం వెంట ఉంచుకోండి. బైకు మీద భుజాన వేలాడదీసుకుని వస్తే చించినాడ వంతెన దగ్గర ఎవరన్నా ఆపి అడుగుతారు, తప్పు వాళ్లది కాదు. దొడ్డి గోడ పక్క ఇంటివాళ్లకి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

గోస్తనీ గట్టు:

అలాగే అండీ. పెట్టె కొలతలు ఇవాళే వెల్డింగు షాపులో ఇచ్చేస్తాను, అది వచ్చాకే రైఫిల్ కొంటాను.