పైఅంతస్తుకి ఆర్కిటెక్ట్ ఫీజు: 6 శాతం దేని మీద లెక్క?

మర్రిపాలెం వాసి:
వైజాగ్ మర్రిపాలెంలో 1998లో కట్టిన గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. పైన 900 చదరపు అడుగులు వేయడానికి ఆర్కిటెక్ట్‌ని పెట్టుకున్నాం. వాట్సాప్‌లో ఒక పేజీ కొటేషన్ పంపారు. అందులో ఉన్నదల్లా "నిర్మాణ వ్యయంలో 6 శాతం, పని జరిగేకొద్దీ వాయిదాల్లో" అని. అప్పటి అంచనా 18 లక్షలు కాబట్టి ఫీజు 1,08,000 అనుకున్నాం. 60,000 బ్యాంకు ద్వారా వేశాం.

ఇప్పుడు కాంట్రాక్టర్ కొటేషన్ 24.5 లక్షలు. ఇందులో పాత పిల్లర్లకి జాకెటింగ్ (చుట్టూ కొత్త చువ్వలు, కాంక్రీటు వేసి బలపరచడం) 3.2 లక్షలు. ఆ డిజైన్ వేరే స్ట్రక్చరల్ ఇంజనీర్ చేశారు, ఆయన ఫీజు విడిగా ఇచ్చేశాం. సోలార్ హీటర్, మోటారు కలిపి 90,000. ఆర్కిటెక్ట్ మాత్రం మొత్తం 24.5 మీద 6 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,73,460 అంటున్నారు. మిగతా 1,13,460 ఇస్తేనే మిగిలిన డ్రాయింగులట. మాకు అందినవి ప్లాను, ఎలివేషన్, వర్కింగ్ డ్రాయింగులు, మెట్ల వివరం, బాత్రూం వివరం. క్వాంటిటీల షీటు (ఏ పనికి ఏది ఎంత పడుతుందన్న లెక్క) లేదు. జీవీఎంసీలో (నగరపాలక సంస్థ) అనుమతి ఫైలు షార్ట్‌ఫాల్‌లో, అంటే ఏదో కాగితం తక్కువైందని, ఆగి ఉంది. నిజంగా ఎంత బాకీ? వేరేవాళ్ళని పెట్టుకోవచ్చా?

సెట్‌బ్యాక్:
ముందు ఆయన లెటర్‌హెడ్ మీద సీఏ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మన దగ్గర ప్లాన్లు వేసే లైసెన్స్‌డ్ ఇంజనీర్లనీ జనం ఆర్కిటెక్ట్ అనే పిలుస్తారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద రిజిస్టర్ కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు. వాళ్ళ మీద కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసినా క్రమశిక్షణ విచారణ ఉండదు.

ఇక లెక్క. గొడవంతా రెండు చోట్ల ఉంది: శాతం ఏ ఖర్చు మీద, పని ఏ దశ దాకా వచ్చింది. కౌన్సిల్ నమూనా షరతుల ప్రకారం ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన పనుల ఖర్చే లెక్కలోకి వస్తుంది. జాకెటింగ్ ఆయన డిజైన్ కాదు, హీటరూ మోటారూ షాపులో కొన్నవి. 24.5లోంచి 3.2, 0.9 తీసేస్తే 20.4 లక్షలు. 6 శాతం అంటే 1,22,400. మీరు అనుకుంటున్న 1,08,000 కూడా ఖాయం కాదు. శాతం మీద ఒప్పుకున్నాక ఖర్చు పెరిగితే ఫీజూ పెరుగుతుంది.

దశలకి అదే నమూనా: కాన్సెప్ట్‌కి 10 శాతం, ప్రిలిమినరీ స్కీముతో 20, అనుమతికి డ్రాయింగులు పెడితే 30, అనుమతి వస్తే 35, వర్కింగ్ డ్రాయింగులు, క్వాంటిటీలు, టెండరు కాగితాలతో 45, కాంట్రాక్టర్ ఎంపికతో 55, సైటు పని మొదలుపెట్టడానికి కావలసిన డ్రాయింగులతో 65. ఆ తర్వాత సైటు పని నడిచేకొద్దీ 90 దాకా, పూర్తయ్యాక 100. మీది 30 దాటింది, 35కి రాలేదు. అనుమతి తాలూకు 5 వదిలేసి, ఆ 30 మీద క్వాంటిటీలు లేని వర్కింగ్ డ్రాయింగులకి ఓ 5, మెట్లు బాత్రూంలకి ఓ 3 వేసుకుంటే 38 శాతం. 1,22,400లో అది 46,512. జీఎస్టీ వేసినా 54,884. మీరిచ్చింది 60,000.

ఆ 5, 3 నా అంచనాలే, బేరానికి వస్తాయి. పైగా మీ కొటేషన్‌లో ఈ షరతులు లేవు కాబట్టి ఇవి కొలబద్దే తప్ప ఆయన్ని కట్టిపడేసేవి కావు. అయినా మొత్తం 100 శాతం ఇప్పుడే అడగడం ఏ కొలతకీ నిలవదు.

పన్ను లెక్క:
బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా? ఉంటే పోర్టల్‌లో చూడండి. రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ వసూలు చేయకూడదు. ఉన్నవారైతే 60,000 అడ్వాన్సు పుచ్చుకున్నప్పుడే రసీదు వోచరు ఇచ్చి ఉండాలి, అది అడగండి. సొంతింటికి ఈ మాత్రం ఫీజు మీద మీరు టీడీఎస్ కోయనక్కర్లేదు.

డ్రాయింగ్ బోర్డు:
ఆయన వైపు నుంచి కూడా చూడాలండీ. షార్ట్‌ఫాల్ లెటర్ తెరిచి కారణం చదవండి. పాత ఇంటి మంజూరు ప్లాను లేకపోవడం, దస్తావేజులో ఉన్న కొలతకీ స్థలంలో ఉన్న కొలతకీ తేడా, రోడ్డు విస్తరణలో జాగా పోవడం, ఇవి ఓనర్ వైపు సమస్యలు. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తప్పు గీస్తే మాత్రం ఆయనే పైసా తీసుకోకుండా సరిచేయాలి. ఇంకోటి, మీరు ఓకే చెప్పిన ప్లాను మళ్ళీ ఎన్నిసార్లు మార్పించారు? ఒప్పుకున్నాక చేయించిన మార్పులకి అదనంగా అడగడం న్యాయమే.

అయితే 18 లక్షలన్న అంచనా దగ్గరే తప్పు జరిగింది. పాతికేళ్ళ ఇంటి మీద అంతస్తు అంటే ముందు ఒక పునాది తవ్వి ఫుటింగ్ సైజు, లోతు చూడాలి. పిల్లర్లకి రీబౌండ్ హామర్ పరీక్ష (కాంక్రీటు గట్టిదనం చూసేది) చేయించాలి. పైకి వదిలేసిన చువ్వలు ఎంత తుప్పు తిన్నాయో కాలిపర్‌తో కొలవాలి. మన సముద్రపు గాలికి అవి ఊరికే ఉండవు కదా. ఇవేవీ లేకుండా చదరపు అడుగుకి 2,000 చొప్పున కొట్టేస్తే జాకెటింగ్ ఖర్చు తర్వాత బయటపడక ఏమవుతుంది?

మర్రిపాలెం వాసి:
షార్ట్‌ఫాల్ పాత మంజూరు ప్లాను కాపీ కోసమే. మార్పులు రెండుసార్లు అడిగాం, రెండూ ఓకే చెప్పకముందే. క్యాడ్ ఫైళ్ళు (కంప్యూటర్‌లో మార్చుకోగల అసలు డ్రాయింగులు) కూడా ఇవ్వనంటున్నారు.

జగదాంబ జంక్షన్:
క్యాడ్ ఫైలు ఇస్తానని రాసి ఉంటే తప్ప పట్టుబట్టలేరు. డిజైన్ మీద కాపీరైట్ ఆయనదే. డబ్బు కట్టిన దశ వరకు సంతకంతో ప్రింట్లు, పీడీఎఫ్ అడగండి.

వేరేవాళ్ళ దగ్గరికి వెళ్లొచ్చు. కొత్త ఆర్కిటెక్ట్ 1989 ప్రవర్తనా నిబంధనల ప్రకారం పాతాయనకి తెలియజేయాలి, అందుకే చాలామంది ముందు పాత బాకీ తేల్చుకు రమ్మంటారు. ప్లాను అనుమతుల ఆన్‌లైన్ పోర్టల్ ఏపీడీపీఎంఎస్‌లో మీ ఫైలు ఆయన లాగిన్‌లో ఉంది కాబట్టి లైసెన్సుదారుని మార్చమని టౌన్ ప్లానింగ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. మార్పు పూర్తయ్యేదాకా ఆయనతో మాటలు తెంచుకోకండి.

ముందు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. 20.4 లక్షల లెక్క, 38 శాతం ఎలా వచ్చిందో పట్టిక, ఏ డ్రాయింగ్ ఏ తేదీన అందిందో జాబితా పెట్టి, 15 రోజుల్లో దశలవారీ బిల్లు ఇమ్మని అడగండి. అడిగిన మొత్తం తప్పు అని ఊరికే రాస్తే లాభం లేదు. చాలా కేసులు ఈ పట్టిక దగ్గరే సర్దుబాటవుతాయి. సర్దుబాటైతే ఆ రాజీ కాగితంలోనే లైసెన్సు మార్పుకి ఆయన అభ్యంతరం లేదని రాయించుకోండి.

కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకి ముందే రాజీకి పెట్టొచ్చు, ఖర్చుండదు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నా కమిషన్‌కి వెళ్లొచ్చు. వాట్సాప్ చాట్ సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, ఫోను మార్చకండి. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే హెచ్చరిక నుంచి పేరు తొలగింపు దాకా ఏదైనా రావచ్చు గానీ డబ్బు తిరిగి రాదు.

పాత మంజూరు ప్లాను కాపీకి జీవీఎంసీలో సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే పెట్టేయండి. ఫీజు తేలినా తేలకపోయినా అది లేనిదే ఫైలు కదలదు.