యాక్సెస్‌లో మౌసు చక్రం తిప్పితే మోత: నోరు నొక్కేయాలా, వద్దా?

మిర్యాలగూడ గుమాస్తా:
మాది రైస్ మిల్లు. కాంటా గదిలో ధాన్యం లారీల వివరాలు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఎక్కిస్తాం. లారీ నంబరు, బస్తాలు, తేమ శాతం, నికర తూకం, ఇలా ఒక్కో లారీకి ఒక్కో పేజీ. పాత లారీని చూద్దామని మౌసు చక్రం తిప్పుతుంటే ఉన్నట్టుండి డింగుమని మోగుతుంది. తెర మీద ఒక్క అక్షరం రాదు. అసలే యాసంగి ధాన్యం దిగుతోంది, బయట లారీలు బారులు తీరాయి. శబ్దాలన్నీ ఆపేయమని ఓనరు. అది ఏదో చెబుతోంది, ఆపవద్దని మా లెక్కలాయన. ఎవరి మాట సబబు?

నల్లగొండ నెట్ సెంటర్:
ఓనరు మాటే. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, సౌండ్స్ అనే చోట 'నో సౌండ్స్' ఎంచుకోండి. దీనికి చర్చ ఎందుకో నాకు అర్థం కాదు.

గద్వాల విత్తన పత్తి:
ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టమన్నట్టుంది. ఆ పని చేస్తే విండోస్ ఇచ్చే హెచ్చరికలన్నీ మూగబోతాయి. ముందు యాక్సెస్ ఆప్షన్స్‌లో క్లయింట్ సెట్టింగ్స్‌కు వెళ్లి 'ప్రొవైడ్ ఫీడ్‌బ్యాక్ విత్ సౌండ్' దగ్గర టిక్ తీసి చూడండి.

మిర్యాలగూడ గుమాస్తా:
తీశాను. అయినా మోగుతోంది.

పాలమూరు ప్రోగ్రామర్:
అయితే ఆ మోత యాక్సెస్‌ది కాదు, మీకు ఫారం, అంటే వివరాలు ఎక్కించే ఆ పేజీ, తయారుచేసిన వ్యక్తిది. యాక్సెస్ 2003 వెర్షన్ వరకు చక్రం తిప్పితే రికార్డులు, అంటే ఒక్కో లారీ వివరాలు, వాటంతట అవే మారేవి. 2007 వెర్షన్ నుంచి ఒక్కో రికార్డు చూపే ఫారంలో ఆ పద్ధతి తీసేశారు. మీకు ఇప్పటికీ మారుతున్నాయంటే 'మౌస్ వీల్' ఈవెంట్‌లో, అంటే చక్రం తిప్పగానే ఏం జరగాలో రాసే చోట, ఎవరో కోడ్ రాశారన్నమాట. ఫారం డిజైన్ తెరిచి అక్కడ చూడండి. 'బీప్' అనే మాట ఉందా? ఇంకో మాట, మోత ఎప్పుడు వస్తోంది? చివరి లారీ దగ్గరేనా, మధ్యలోనూ వస్తోందా?

మిర్యాలగూడ గుమాస్తా:
వెర్షన్ 2016. మీరన్నట్టే బీప్ ఉంది. 'ఏ తప్పు వచ్చినా బీప్' అన్నట్టు ఒకే వరుస రాసి వదిలేశారు. చివరి లారీ దాటబోతే మోగుతుంది. కొత్త లారీ సగం ఎక్కించి, తేమ మీటరు రీడింగు వచ్చేలోగా పాతది చూద్దామని తిప్పినా మోగుతుంది. అప్పుడు పేజీ కదలదు.

పాలమూరు ప్రోగ్రామర్:
చిక్కు అక్కడే ఉంది. ఆ రెండూ ఒకటి కావు. ముందుకు పోవడానికి రికార్డు లేకపోతే వచ్చేది 2046 నంబరు తప్పు. దానికి గంట కొట్టడం దండగ, నిశ్శబ్దంగా ఆగిపోతే చాలు. తప్పనిసరి అని పెట్టిన గడి ఖాళీగా ఉండి రికార్డు సేవ్ కాకపోతే వచ్చేది 3314. అది మాత్రం గుమాస్తాకు తెలియాలి, అదీ మోతతో కాదు, 'తేమ శాతం రాయలేదు' అని తెలుగులో. తప్పు నంబరును బట్టి రెండు దారులు వేరు చేయండి. కాబట్టి మీ ఓనరు చెప్పింది సగం సరే, లెక్కలాయన చెప్పింది సగం సరే.

నల్లగొండ నెట్ సెంటర్:
పేజీ కదలకపోతే మనిషికి కనబడదా? దానికి ఇంత కోడా?

గద్వాల విత్తన పత్తి:
కనబడదు. చేతిలో కాంటా చీటీ ఉంటుంది, కళ్లు చీటీ మీదే ఉంటాయి. మా దగ్గర రైతుల పత్తి గింజల లెక్కలు ఎక్కించేటప్పుడు రోజూ చూసేదే ఇది.

దేవరకొండ మాస్టారు:
మీరందరూ మోత గురించే మాట్లాడుతున్నారు. నా అభ్యంతరం అసలు చక్రం మీద. రికార్డు వదిలి పక్కదానికి వెళ్లగానే యాక్సెస్ మార్పులన్నీ అడగకుండా సేవ్ చేస్తుంది. బస్తాలు 320 అని కొట్టబోయి 32 దగ్గర ఉండగా వేలు చక్రానికి తగిలిందనుకోండి. మిగతా గడులు నిండి ఉంటే 32 బస్తాలే నమోదవుతాయి. బీపూ రాదు, 3314 కూడా రాదు. మోగిన తప్పు కన్నా మోగని తప్పే ప్రమాదం. 2007లో తీసేసినదాన్ని కోడ్ రాసి మరీ మళ్లీ ఎందుకు తెచ్చుకోవాలి? పైన లారీ నంబరుతో వెతికే గడి పెట్టి, ఆ కోడ్ మొత్తం తీసేయండి.

పాలమూరు ప్రోగ్రామర్:
చక్రానికి అలవాటు పడ్డ చేతులను ఒక్క రోజులో మార్చలేం, మాస్టారూ. రికార్డు మారి ఉండి సేవ్ కాకపోతే, అంటే 'డర్టీ' అయి ఉంటే, చక్రం పనిచేయకుండా ఒక్క షరతు పెడితే మీరు చెప్పిన ప్రమాదం తప్పుతుంది.

దేవరకొండ మాస్టారు:
అంత షరతు పెట్టాక దాన్ని ఉంచడం దేనికని నా ప్రశ్న. సరే, మీ ఇష్టం.

మిర్యాలగూడ గుమాస్తా:
షరతు పెట్టించాం. చివరి లారీ దగ్గర మోత పోయింది. వెతికే గడి కూడా పెట్టించాం కానీ కాంటా కుర్రాడు చక్రమే తిప్పుతున్నాడు. ఈలోగా ఇంకోటి బయటపడింది. ఒక లారీకి తేమ 17 బదులు 71 అని ఎక్కింది. అదీ చడీచప్పుడు లేకుండా.

దేవరకొండ మాస్టారు:
టేబుల్ డిజైన్‌లో తేమ గడికి 'వ్యాలిడేషన్ రూల్', అంటే ఏ అంకెలు ఒప్పుకోవాలో చెప్పే షరతు, రాయండి. సర్కారు కొనుగోలుకు పరిమితి 17 శాతమే అయినా తడిసిన ధాన్యమూ వస్తుంది కదా, 5 నుంచి 30 వరకు పెట్టండి. ఆ గడి దాటేటప్పుడే ఆపుతుంది, చక్రం దాకా రానివ్వదు.